పుంజు రంగు కాదు, కట్టు చూడండి

(జాతికోళ్ల పెంపకం మీద ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలకు, పర్లాకిమిడిలో ఉంటున్న విశ్రాంత లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్ ఒకరు జవాబులిస్తున్నారు.)

ప్రశ్న: మాస్టారూ, నిరుడు సంతలో అసలు సిసలు అసీల్ జాతి కోళ్లు అని చెప్పి నాకు ఒక పుంజుని, రెండు పెట్టల్ని అమ్మారు. మూడింటికీ తురాయి పొట్టిగా, నెత్తికి అతుక్కుని ఉంది. పిల్లల్లో కొన్ని మాత్రం పళ్లు పళ్లుగా నిలువు తురాయితో ఎదుగుతున్నాయి. నన్ను మోసం చేశారా? – గుణుపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

అమ్మినవాణ్ని అప్పుడే తిట్టుకోకు నాయనా. అతనికీ తెలిసి ఉండకపోవచ్చు.

అసీల్‌కి ఉండాల్సిన తురాయి పొట్టిది. మూడు చిన్న గట్లు పక్కపక్కన ఉన్నట్టు, వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. పుస్తకాల్లో పీ కోంబ్ అని రాస్తారు. నిలువు తురాయి మీద దీనిది పైచేయి. పిల్లకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు జన్యువులు వస్తాయి కదా, అందులో ఒక్కటి పొట్టి తురాయిది అయినా చాలు, పిల్లకి పొట్టి తురాయే వస్తుంది. రెండోది నిలువు తురాయిది అయితే అది లోపల దాక్కుని ఉండిపోతుంది. అలా దాచుకున్న పుంజు, దాచుకున్న పెట్ట జత కడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి నిలువు తురాయి బయటపడుతుంది. మెండెల్ బఠానీ మొక్కల్లో చూసిన లెక్క జంతువులకూ పనిచేస్తుందని విలియం బేట్సన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 1902లో చూపించింది కూడా కోడి తురాయిల మీదే. నీ పెరట్లో జరిగింది ఇంగ్లండులో అప్పుడే జరిగిన కథ.

కాబట్టి నీ పుంజు దాచుకున్నదే, అందులో అనుమానం లేదు. రెండు పెట్టల్లో కనీసం ఒకటి అలాంటిదే. అది ఏదో తేల్చడానికి పెట్టల్ని వేర్వేరు గూళ్లలో పెట్టు, పుంజుని మార్చి మార్చి వదులు, ఏ గుడ్డు ఎవరిదో పెన్సిల్‌తో గుడ్డు మీద రాసుకో. నిలువు తురాయి పిల్ల ఏ పెట్ట గుడ్డులోంచి వచ్చినా ఆ పెట్టని జాతి గుంపులోంచి తీసెయ్.

ఇక కొత్త పుంజుని తెచ్చుకుంటావు కదా, దాన్ని ముందు పరీక్ష చేసుకో. ఊళ్లో ఏ నాటు పెట్టకైనా నిలువు తురాయి ఉంటే దానితో కట్టించు. పుంజు దాచుకున్నదైతే పిల్లల్లో సుమారు సగం నిలువు తురాయితో వస్తాయి. ఒక్క పిల్ల అలా వచ్చినా చాలు, సంగతి తెలిసిపోయినట్టే. ఏడు పిల్లలూ పొట్టి తురాయితోనే వచ్చాయనుకో, పుంజు మనల్ని ఏమార్చే అవకాశం 128లో ఒక వంతు మాత్రమే మిగులుతుంది. పది పిల్లలదాకా చూడగలిగితే ఇంకా మంచిది. ఈ పరీక్ష పిల్లల్ని మాత్రం జాతి కోసం ఉంచకూడదు. నిలువు తురాయి పిల్లలూ అంతే. అవేం పాపం చెయ్యలేదు, కనుమ నాటికి గారెల్లోకి పనికొస్తాయి.

ఒక చిన్న కిటుకు. దాచుకున్న పుంజుల్లో కొన్నింటికి తురాయి నడిమి గట్టు కాస్త ఎత్తుగా, వంకరగా ఉంటుంది. అన్నింటికీ ఉండదు కాబట్టి దాన్ని అనుమానానికే వాడుకో, తీర్పుకి వద్దు.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా సంఘానికి వనరాజ కోడిపిల్లల్ని ఇచ్చారు. అవి పెద్దవై మా అసీల్ పెట్టలతో కలిసి తిరుగుతున్నాయి. ఇప్పుడు పెట్టల్ని వేరు చేసి అసీల్ పుంజుతో కలిపితే ఎన్నాళ్లకి శుద్ధమైన పిల్లలు వస్తాయి? – రాయగడ నుంచి ఒక గృహిణి

మూడు వారాలు ఆగాలమ్మా. పుంజు ఒకసారి కలిశాక ఆ వీర్యాన్ని పెట్ట తన లోపలే చిన్న చిన్న గొట్టాల్లాంటి చోట్ల దాచుకుంటుంది. పుంజు పక్కన లేకపోయినా రెండు వారాలదాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు, పొదిగే గుడ్లు పెడుతూనే ఉంటుంది. అందుకని పెట్టల్ని ముందు ఏ పుంజూ లేకుండా విడిగా కట్టెయ్యండి. మూడు వారాల గుడ్లు పిల్లలకి ఉడకబెట్టి పెట్టండి, లేదా అమ్ముకోండి. ఆ తర్వాత మీ అసీల్ పుంజుని వదలండి.

వనరాజని తక్కువ చెయ్యడం లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమే తయారుచేసిన కోడి అది. గుడ్లకీ మాంసానికీ అసీల్ కంటే అదే లాభం. రెండూ పెంచండి, కలపకండి అంతే. ఎందుకంటే ఆ కలయికలో పుట్టిన మొదటి తరం చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. తురాయి పొట్టిగానే వస్తుంది, కాలు లావుగా ఉంటుంది, బరువు తూగుతుంది. సంతల్లో అసీల్ పేరుతో చేతులు మారేవాటిలో ఇలాంటివి ఎన్నో ఉంటాయి. పైన గుణుపురం అబ్బాయి గోడు చదివారు కదా, అది మొదలయ్యేది ఇక్కడే.

ప్రశ్న: జాతి ప్రమాణం, బ్రీడ్ స్టాండర్డ్ అంటారు. అసీల్‌కి అది ఎక్కడ రాసి ఉంది? పుంజుని చేతిలోకి తీసుకుంటే ఏం చూడాలి? – కలిమెల, మల్కన్‌గిరి జిల్లా నుంచి ఒక రైతు

మీరు అసీల్ పుట్టింట్లోనే కూర్చుని అడుగుతున్నారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో దేశంలోని జాతుల్ని నమోదు చేస్తుంది. అసీల్ సొంత ప్రాంతంగా చెప్పే చోట్లలో మన కోరాపుట్, మల్కన్‌గిరి, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, దంతేవాడ, అవతల ఖమ్మం వైపు ఉన్నాయి. (మీ పక్కనున్న మోటు పేరుతో ఒక ఆవు జాతి కూడా నమోదైంది. చాలామంది దాన్ని బక్క ఆవు అని అమ్మేసుకుంటున్నారు, అది ఇంకో బాధ.) మా పక్కనున్న విజయనగరం వైపు డంకి కోడికి వేరే నమోదు ఉంది. దాన్ని అసీల్ అని రాయించుకోకండి, దేని పేరు దానికే గౌరవం.

బ్యూరో ఇచ్చేది జాతి వర్ణన. తురాయికి ఇన్ని మార్కులు, కాలికి ఇన్ని మార్కులు అని పంచి ప్రదర్శనలో తీర్పు చెప్పే పుస్తకాలు మొదట బయటి దేశాల్లో వచ్చాయి. బ్రిటన్‌లో 1865లో, అమెరికాలో 1874లో. మన అసీల్ అక్కడికి వెళ్లి వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కింది. ఇంగ్లండులో కార్నిష్ అనే జాతిని తయారుచెయ్యడంలో అసీల్ రక్తం వాడారు, ఆ కార్నిష్ కలిసే నేటి బ్రాయిలర్ తయారైంది. ఆదివారం మీరు కిలో లెక్కన కొనుక్కొచ్చే కోడిలో మీ పెరటి పుంజు వంశం ఎంతో కొంత ఉందన్నమాట.

ఆ పుస్తకాల్లోని బరువులు మాత్రం పట్టించుకోకండి. వాళ్లు మెచ్చే రెజా రకం చిన్నది, పుంజు మూడు కిలోల లోపే. మన దగ్గర మామూలుగా పుంజు మూడు నుంచి నాలుగు కిలోలు, పెట్ట రెండు నుంచి మూడు కిలోలు తూగుతుంది.

ఇక పుంజుని చేతిలోకి తీసుకుని చూడటం. జనం తల దగ్గర మొదలుపెడతారు, నేను కాళ్ల దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే తల చూసి మనసు పడ్డాక కాలి లోపం కంటికి ఆనదు. పుంజుని సాయంత్రం వెలుతురు తగ్గాక పట్టుకోండి, గింజుకోదు. ఎడమ అరచెయ్యి రొమ్ము కింద పెట్టి, రెండు కాళ్లూ వేళ్ల మధ్య ఇరికించుకోండి. ఇప్పుడు కుడి చేత్తో మోకాలి కింద పొలుసుల కాలిని నిమరండి. గుండ్రంగా కాకుండా పలకలు తేలినట్టు తగలాలి. పొలుసులు వరస తప్పకూడదు, వాటి మధ్య ఈక మొలవకూడదు. వేళ్లు నిటారుగా ఉండాలి. వెనక వేలు నేలని ఆనాలి. అది పక్కకి తిరిగి ముందుకొస్తే బాతు కాలు అంటారు, ఎంత అందగాడైనా అక్కడే ఆగిపోతాడు.

తర్వాత రొమ్ము ఎముక. బొటనవేలితో మెడ వైపు నుంచి తోక వైపు గీసుకుంటూ రండి. ఎక్కడా వంకర తగలకూడదు. బరువు జాతి పిల్లలు లేత ఎముకతో సన్నటి వాసం మీద పడుకుంటే అక్కడ నొక్కుకుపోయి వంకర తిరుగుతుంది. అందుకే ఎముక గట్టిపడేదాకా, అంటే నాలుగైదు నెలలు, వాటిని నేల మీద పొట్టులోనే పడుకోనివ్వండి. తర్వాత పెట్టినా నాలుగంగుళాల వెడల్పు చెక్క పెట్టండి, ఎత్తు తక్కువ ఉండాలి. ఎత్తు నుంచి గట్టి నేల మీదకి దూకితే అరికాలు వాచి చీము గడ్డ కడుతుంది.

అదే చోట ఈకలు చూడండి. అసీల్ ఈక పొట్టిగా, బిరుసుగా, ఒంటికి అతుక్కుని ఉంటుంది. రొమ్ము ఎముక మీద, రెక్క మడత దగ్గర ఎర్రటి చర్మం బయటికి కనిపించాలి. కొత్తవాళ్లు అది జబ్బు అనుకుంటారు. ఆ చోట మెత్తటి నూగు ఈక దట్టంగా కప్పేసి ఉంటే అసలు అనుమానం అప్పుడే రావాలి.

పైనుంచి చూస్తే భుజాల దగ్గర వెడల్పు, తోక దగ్గరికి వచ్చేసరికి సన్నం. రెక్కలు పొట్టిగా, పైకి బిగించి ఉండాలి. తోక కిందికి వాలాలి. మెడ పొడవు, కండ పట్టి ఉండాలి. ఆఖరికి తల: పుర్రె వెడల్పు, ముక్కు పొట్టి, లావు. గొంతు కింద వేలాడే ఎర్ర తోలు దాదాపు ఉండకూడదు. కన్ను ముత్యం రంగు. కానీ కుర్ర పుంజులో కన్ను పసుపు కలిసి ఉంటుంది, తెల్లబడటానికి ఏడాది పైనే పట్టొచ్చు. ఆరు నెలల పుంజు కన్ను చూసి వదిలేసినవాళ్లని చూశాను, ఆ పుంజునే కొనుక్కుని మెడల్ తెచ్చుకున్నవాళ్లనీ చూశాను. అసీల్ నిదానంగా ఎదిగే జాతి. ఏడాది నిండేదాకా ఆఖరి మాట అనకండి.

ప్రశ్న: మాది డేగ పుంజు, అంటే ఎర్ర ఈకలది. ఈకలు రాల్చాక రొమ్ము మీద నల్లవి వచ్చాయి. ప్రదర్శనలో తీసేస్తారా? చిలకముక్కు పుంజులకి లక్షలు పలుకుతున్నాయంటున్నారు, పెంచమంటారా? – జయపురం నుంచి ఒక వ్యాపారి

అసీల్‌లో రంగుకి తీసెయ్యడం ఉండదు. రికార్డుల్లో పీలా, యాకూబ్, నూరీ, కాగర్, చిత్తా, సబ్జా, టీకర్, రెజా (ఇక్కడ ఇది రంగు పేరు) అని రకాలు కనిపిస్తాయి. నూరీ అంటే తెలుపు, మన సేతువ. కాగర్ నలుపు, మన కాకి. మిగతావి మన డేగ, నెమలి, పర్ల, కౌజు, మైల, పింగళ, అబ్రాసులతో ఒకటికొకటి సరిగ్గా అతకవు. మన వాళ్లు మెడ ఈక, రెక్క ఈక విడివిడిగా చూసి పేరు పెడతారు. నాకు అడిగితే మన పేర్లే నయం, రంగు కళ్లకి కడుతుంది. మీ పుంజు ఇప్పుడు కాకి డేగ అయింది, అంతే. రాయించేటప్పుడు ఆ పేరు రాయించండి. ఏ వారం ఏ రంగు గెలుస్తుందనే లెక్క మాత్రం నన్ను అడగొద్దు, పిల్లల్ని ఎంచుకోవడానికి అది పైసాకి పనికిరాదు. రంగు కోసం మంచి కాలున్న పుంజుని అమ్మేసి, వంకర వేళ్ల డేగని ఉంచుకున్న ఇళ్లు ఈ సరిహద్దులో చాలా ఉన్నాయి.

చిలకముక్కు, పొడవు తోక రకం వేరే దారి. తమిళనాడులో దిండిగల్ వైపు వాటికి ప్రత్యేకంగా పోటీలు పెడతారు, మన ఆంధ్రలోనూ జరుగుతున్నాయి. అక్కడ ముక్కు వంపు, తోక తీరు చూస్తారు. పైన నేను చెప్పిన వాలిన తోక, పొట్టి ముక్కు అక్కడ చెల్లవు. ఇష్టమైతే అదే పెంచండి, ఒకే గుంపులో రెండూ కుదరవు. లక్షల సంగతంటారా, చెప్పే ధర వేరు, చేతికొచ్చే ధర వేరు. అది వ్యాపారులు మీకు నేను చెప్పాలా!

ప్రశ్న: ప్రదర్శన తర్వాత సరదాగా ఒక జత పుంజుల్ని పందేనికి వదిలితే తప్పేంటి? మన ఆచారమే కదా. – బరంపురం నుంచి

తప్పే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఒడిశాలోనైనా, ఆంధ్రలోనైనా ఒకటే. ఇంకోసారి ఇలాంటి ఉత్తరం నాకు రాయకండి.

ప్రశ్న: నా దగ్గర మంచి పుంజు ఒక్కటే ఉంది. దాని కూతుళ్లనే దానికి కడుతున్నాను. ఈ ఏడు గుడ్లు సరిగ్గా పొదగడం లేదు, పిల్లలు నీరసంగా ఉన్నాయి. ఏం చెయ్యాలి? – కాశీనగర్, గజపతి జిల్లా నుంచి

బాబూ, తండ్రి–కూతురు జతలో పుట్టిన పిల్లకి రక్తసంబంధం లెక్క 25 శాతం. అన్నాచెల్లెళ్లకీ అంతే. ఒకసారైతే ఒక మంచి లక్షణాన్ని గట్టిపరచడానికి పనికొస్తుంది, పెద్ద పెంపకందార్లు తెలిసే చేస్తారు. వరసపెట్టి చేస్తే ముందు దెబ్బ తినేది పొదిగే శాతం, తర్వాత పిల్లల బతుకు. నువ్వు చూస్తున్నది అదే.

మూడు గూళ్లు కట్టు. పెద్ద ఖర్చేం కాదు, వెదురు దడి చాలు. ఒక్కో గూట్లో ఒక పుంజు, నాలుగైదు పెట్టలు. ఒక పుంజు నీదే, మిగతా రెండూ వేరే ఊళ్ల నుంచి, పైన చెప్పిన తురాయి పరీక్ష చేసి తెచ్చుకో. పుట్టిన పెట్టపిల్లలు తల్లి గూట్లోనే ఉండిపోతాయి. ఏటా మొదటి గూట్లో పుట్టిన పుంజు రెండో గూటికి, రెండోదాని పుంజు మూడోదానికి, మూడోదాని పుంజు మొదటిదానికి వెళ్తాయి. ఈ చక్రం తిప్పుతూ ఉంటే బయటి రక్తం తేకుండానే ఏళ్లు గడుస్తాయి.

దీనికంతటికీ పిల్ల ఏ గూటిదో తెలియాలి కదా. మనసులో గుర్తుంటుందిలే అనుకోకు. పిల్ల ఎండిన మొదటి రోజే వేళ్ల మధ్య పొరకి చిల్లు పెట్టు. దానికి చిన్న పంచ్ దొరుకుతుంది. ఒక్కో కాలికి రెండు పొరలు, మొత్తం నాలుగు. చిల్లు పెట్టడం, పెట్టకపోవడం కలిపి పదహారు రకాల గుర్తులు వస్తాయి. పిల్లని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే పొరలో నెత్తురు గీత కనిపిస్తుంది, దాన్ని తప్పించి నొక్కు. తెగిన ముక్క పూర్తిగా ఊడిపడాలి, వేలాడుతూ ఉంటే మళ్లీ అతుక్కుపోయి గుర్తు మాయమవుతుంది. రెండు వారాలకి ఒకసారి చూసుకో. పెద్దయ్యాక కాలికి నంబరు రింగు వెయ్యొచ్చు. పక్కన నోటు పుస్తకం: ఏ గుర్తు, తల్లి ఏది, తండ్రి ఏది, ఎప్పుడు పుట్టింది, ఎందుకు తీసేశావు. ఆ ఆఖరి గడి చాలామంది రాయరు. రెండేళ్లు రాశాక చూడు, వంకర వేళ్లన్నీ ఒకే పెట్ట దగ్గరికి దారి తీస్తాయి.

ప్రశ్న: వచ్చే చలికాలం ప్రదర్శనకి మొదటిసారి తీసుకెళ్తున్నాను. పుంజుకి నూనె రాయాలా? ఇంకేం జాగ్రత్తలు? – పర్లాకిమిడి నుంచి

మన ఊరేనా, అయితే ఒకసారి ఇంటికే తీసుకురండి, చూస్తాను.

నూనె వద్దు. ఈక జిడ్డుగా మారి దుమ్ము పడుతుంది. తురాయికీ మొహానికీ గుడ్డతో ఆముదం తుడిచీ తుడవనట్టు అద్దితే చాలు. ప్రదర్శనకి నాలుగైదు రోజుల ముందు గోరువెచ్చని నీళ్లలో కడిగి, ఎండలో కాకుండా గాలి తగిలే నీడలో ఆరబెట్టండి. అంతకు ముందు నుంచే బూడిద, ఇసుక కలిపిన గుంటలో దొర్లనివ్వండి, పేలు పోతాయి. తోక కింద, రెక్క లోపల వేలితో విడదీసి చూడండి. జడ్జి మొదట చూసేది అక్కడే. చలికాలానికి కొత్త ఈక పూర్తిగా వచ్చి ఉంటుంది కాబట్టి సమయం బాగుంది. ఈకలు పీకి లోపం దాచడం మాత్రం చెయ్యొద్దు, చెయ్యి తిరిగిన జడ్జికి వేలి కొసకి మొదలు తగులుతుంది.

ముఖ్యమైనది పంజరం అలవాటు. పెరట్లో రాజాలా తిరిగే పుంజు పంజరంలో మూల నక్కితే మెడ, భుజం, తోక ఏదీ కనిపించదు. రోజూ కాసేపు పంజరంలో పెట్టి, దగ్గరికి వెళ్లి, చిన్న కర్రతో నెమ్మదిగా రొమ్ము కింద తట్టి నిలబడటం నేర్పండి. నిలబడగానే నాలుగు జొన్న గింజలు వెయ్యండి.

కొక్కెర తెగులు టీకా సంగతి చూసుకున్నారా? పిల్లప్పుడు లసోటా చుక్క, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌టూబి సూది పడి ఉండాలి. ఇప్పుడు మళ్లీ వేయించేటట్టయితే ప్రదర్శనకి కనీసం మూడు వారాల ముందే వేయించండి, ముందురోజు వేయిస్తే ఉపయోగం లేదు. బయల్దేరే ముందు పశువైద్యుణ్ని అడిగి, ఆ వైపు బర్డ్ ఫ్లూ ఆంక్షలేమైనా ఉన్నాయేమో తెలుసుకోండి. 2024లో పూరీ జిల్లా పిపిలిలో వచ్చింది, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది. మనం రెంటికీ మధ్యలో ఉన్నాం. ఆంక్షలుంటే టెన్షన్ పడకుండా పుంజుని ఇంట్లోనే ఉంచండి, వచ్చే ఏడు వెళ్లొచ్చు.

తిరిగొచ్చాక బహుమతి వచ్చినా రాకపోయినా దాన్ని మూడు వారాలు మిగతా కోళ్లకి దూరంగా కట్టెయ్యండి. ముందు ఇంటి కోళ్లకి మేత వేసి, ఆఖర్న దాని దగ్గరికి వెళ్లండి. దాని గిన్నె వేరు, అక్కడికి వేసుకెళ్లే చెప్పులు వేరు. తెల్లగా, పచ్చగా పారుతున్నా, మెడ తిరుగుతున్నా, ఉన్నట్టుండి చచ్చిపోయినా వెంటనే పశువైద్యశాలకి కబురు చెయ్యండి. చచ్చినదాన్ని మహేంద్రతనయ ఏట్లో పారెయ్యొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. డాక్టరు చూశాక లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.